మూసీ ఒడ్డు సంతకాలు

టేపు పట్టుకుని ఆ ముసలాయన ఇవాళా కట్ట మీదికి వచ్చాడు. వరసగా ఇది మూడో పొద్దు. నడుం వంచి గడ్డి కోస్తున్న యాదలక్ష్మి తల ఎత్తలేదు గానీ, కొడవలి ఆడిస్తూనే ఓరకంట ఆయన్నే చూస్తోంది. నెత్తిన గుడ్డ టోపీ, కాళ్ళకు తెల్ల బూట్లు. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటాడు. ఇనుప టేపు కొసను కరెంటు స్తంభానికి తగిలించి నీళ్ళ వైపు లాక్కుంటూ వస్తాడు. ఆ తర్వాత జేబులోంచి కెమెరా తీసి టపీమని ఫోటో కొడతాడు. ఆ ఫోటోలో పడేదెవరి గడ్డి? యాదలక్ష్మి గడ్డి. ఒళ్ళు మండదూ మరి!

"చూసినవా అత్తా, మల్ల ఒచ్చిండు," అంది పక్క చాలులో ఉన్న సైదమ్మతో.

సైదమ్మకు అరవై దాటాయి. యాదలక్ష్మికి సొంత అత్తేమీ కాదు. ఇద్దరిదీ నల్లగొండ పక్క ఒకే ఊరు. అక్కడి వరసే ఇక్కడా నడుస్తోంది. ఆమె పిడికిట ఉన్న గడ్డిని కోసి, పక్కన పరిచి, అప్పుడు నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

"ఎవలాయన? అపార్ట్‌మెంట్ల ఉండే ఆంధ్రాయన గాదు?"

"ఆయనే. సాంబమూర్తట. బిల్డరు మనిషి గాకపోతే గీ మురికినీళ్ళ కాడ ఆయనకేం పని? జాగ కొలుస్తుండు."

మూసీ గడ్డి కోతకు ఒక పద్ధతుంది. ఎండ ముదరకముందే మడిలో దిగాలి. ఎడమచేత్తో పిడికిలి నిండా పట్టి, కొడవలిని నేలకు ఆనిస్తూ లాగాలి. రెండు వేళ్ళ మోడు మిగలాలి. అంతకన్నా కిందికి కోస్తే మళ్ళీ చిగురించదు, పైకి కోస్తే మోపు బరువు రాదు. మడిని ముప్ఫై చాళ్ళుగా చేసుకుని రోజుకొకటి కోస్తూ పోతే, ఆఖరి చాలు అయ్యేసరికి మొదటిది మళ్ళీ మోకాలెత్తు లేచి ఉంటుంది. నల్లటి నీళ్ళు, నురగ, కాళ్ళకు దురద. దురదకు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాసుకుంటారు. వాసనకు మందు లేదు, అలవాటే. ఎండెక్కేసరికి యాదలక్ష్మి పెనిమిటి జగన్ ట్రాలీ ఆటో తెస్తాడు, మోపులు మలక్‌పేట బర్రెల కొట్టాలకు పోతాయి.

కట్టకింది బస్తీలో ముప్ఫై ఇళ్ళ పొయ్యి ఈ గడ్డి మీదే రగులుతోంది. కట్టకూ నీళ్ళకూ మధ్య ఉన్న ఆ జాగా ఎవరో పెద్దమనిషి పట్టా. మున్సిపల్ నక్షాలో దానికి పచ్చరంగు వేసి ఉందనీ, అది నది కోసం వదిలిన జాగా కాబట్టి అక్కడ ఇటుక మీద ఇటుక పెట్టకూడదనీ, కనుకనే ఆయన దాన్ని గడ్డికి కౌలుకిచ్చాడనీ బస్తీలో అందరికీ తెలుసు. ఆ పచ్చరంగు ఉన్నంత కాలమే తమకు బువ్వ అని కూడా తెలుసు.

టేపు చుట్టుకుంటూ సాంబమూర్తి దగ్గరికొచ్చాడు. యాదలక్ష్మి కొడవలి పట్టుకునే నిలబడింది.

"ఏం సారూ, ఏం కొలుస్తున్నరు?"

"ఏం లేదమ్మా. కట్ట నుంచి నీళ్ళకు దూరమెంతో చూస్తున్నా, ఊరికే."

ఊరికే! డెబ్బై ఏళ్ళ మనిషి తెల్ల బూట్లు బురదలో పెట్టుకుని ఊరికే కొలుస్తాడా? యాదలక్ష్మి అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు.

"మీ బస్తీ కమ్యూనిటీ హాలు గోడ మీద మున్సిపాలిటీ వాళ్ళు నోటీసు అంటించారు. దాని మీద మీవాళ్ళు దీక్ష పోస్టరు అతికించేశారు. అడుగున ఏముందో చదివారా ఎవరైనా?" అన్నాడాయన.

ఆ పోస్టరు అతికించింది యాదలక్ష్మే. మైదాపిండి ఉడకబెట్టి, తన చేత్తోనే.

"అంటే మా తెలంగాణ పోస్టరు చింపి మీ నోటీసు చదవాల్నా సారూ?"

ఆయన ఏదో అనబోయాడు. ఆమె చేతిలో కొడవలిని చూశాడో, ఆమె మొహం చూశాడో, టేపు చంకలో పెట్టుకుని కట్టెక్కి వెళ్ళిపోయాడు. బిల్డరు మనిషే, సందేహం లేదు, అనుకుంది యాదలక్ష్మి. ఆ రోజు మోపులు కట్టినంతసేపూ ఆయన్నే తిట్టుకుంది.

*

కొత్తపేట నుంచి బస్తీకి తిరిగే మూలమీద దీక్షా టెంటు ఉంది. బోర్డు మీద సుద్దముక్కతో రాసిన రోజుల లెక్క ఎనభై దాటింది. డిసెంబరులో ఢిల్లీవాళ్ళు తెలంగాణ రాష్ట్రం ఇస్తామని చెప్పి మాట వెనక్కి తీసుకున్ననాటి నుంచి, వంతులవారీగా రోజుకు పదిమంది కూర్చుంటున్నారు. ఆ రోజు ఆడవాళ్ళ వంతు. మెడలో గులాబీ కండువాలు, మధ్యలో డప్పు, మైకులో పాట. యాదలక్ష్మికి ఆ టెంటులో కూర్చుంటే కడుపులో ఆకలి కూడా గొప్పగానే అనిపిస్తుంది.

"యాదక్క లేకపోతే గీ బస్తీల సంతకాలు అయితుండెనా?" అన్నాడు భిక్షపతి, అందరికీ వినబడేలా.

భిక్షపతి బస్తీ ఉద్యమ కమిటీ కన్వీనరు. కూల్‌డ్రింకుల షాపు మూసుకుని మూడు నెలలుగా టెంటులోనే ఉంటున్నాడు. రాష్ట్రం ఇవ్వాలా వద్దా తేల్చడానికి ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది. దానికి బస్తీ తరఫున మెమొరాండం పంపాలన్నది ఆయన ఆలోచనే. ఏడో తరగతి చదివి, చేతిరాత బాగున్న యాదలక్ష్మికి ఆ పని అప్పజెప్పాడు. ఆమె స్కేలు పెట్టి గీతలు కొట్టి, పేరు, ఇంటి నెంబరు, సంతకం అని గళ్ళు చేసి, పది రోజులు ఇల్లిల్లూ తిరిగింది. 'మ్యాటర్ ఇంగ్లీషుల టైపు చేయించాలె అక్కా, పైన నాలుగు వేళ్ళ జాగ ఇడువు, సంతకాలైతే కానియ్యి,' అన్నాడు భిక్షపతి. నూట ఎనభై నాలుగు సంతకాలు, వేలిముద్రలు. అపార్ట్‌మెంటు దాకా పోయి వెనక్కి తిరిగిందామె. ఆంధ్రావాళ్ళను తెలంగాణకు సంతకం అడుగుతామా ఏంది!

పాట ఆగినప్పుడు టేపు ముసలాయన సంగతి చెప్పింది.

"వట్టించుకోకక్కా. ఆళ్ళకు మన జాగల మీదనే కన్ను," అని భిక్షపతి ఆమె చేతిలో నీళ్ళ ప్యాకెట్టు పెట్టాడు. వెళ్ళబోయి ఆగాడు. "ఇంకేమన్న అడిగిండా? నోటీసు గురించి గిట్ల?"

"లేదన్నా," అనేసింది యాదలక్ష్మి.

ఎందుకలా అన్నదో ఆమెకే తెలియదు. ప్యాకెట్టు కొస కొరికి ఒక గుక్క తాగాక గానీ భిక్షపతి అడిగిన మాట ఆమెకు తట్టలేదు. నోటీసు ముచ్చట తాను ఎత్తలేదు కదా! మరి భిక్షపతికి నోటీసు ఎందుకు గుర్తొచ్చినట్టు? ఆ పోస్టర్ల కట్ట తన చేతికిచ్చి, ఫలానా గోడ మీద, ఫలానా చోటనే అతికించమని మరీ మరీ చెప్పిందెవరు? హాలుకు ఎన్ని గోడలు లేవు!

ఛీ, అన్నను అనుమానిస్తున్నానా అని తనను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే సాయంత్రం దీక్ష విరమించాక హాలు వెనక్కి నడిచింది. చెంబుతో నీళ్ళు చల్లి, పోస్టరు నానాక కొడవలి మొనతో అంచు లేపింది. చుట్టూ చూసుకుంది. సొంత పోస్టరు చింపుతుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉంది.

అడుగున నోటీసు సగం పోస్టరుకే అంటుకుని వచ్చింది. మిగిలిన సగం తెలుగులోనే ఉంది. సర్వే నెంబర్లు, తర్వాత 'నది పరిరక్షణ ప్రాంతము నుండి బహుళ అంతస్తుల నివాస ప్రాంతముగా మార్చుటకు', తర్వాత 'అభ్యంతరములు తెలియజేయవలసిన వారు', తర్వాత ఎల్బీనగర్ మున్సిపల్ ఆఫీసు, విచారణ తేదీ. ఆ తేదీ ఎల్లుండే.

యాదలక్ష్మి రెండుసార్లు చదివింది. పచ్చరంగు తీసేస్తారన్నమాట. పోస్టరు ఎవరి కంటా పడకుండా ఉండచుట్టి కొంగులో పెట్టుకుంది.

*

అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. తెల్లారి గడ్డి కోత సైదమ్మకు అప్పజెప్పి, ముఖం కడుక్కుని, మంచి చీర కట్టుకుని వెళ్ళింది. ముసలాయన్ను నమ్మి కాదు. ఆయనకు ఇందులో ఏం లాభమో కనిపెడదామని వెళ్ళింది.

తలుపు తీసింది ఆయన భార్య కుసుమకుమారి. మనిషి పొట్టి, మాట పదును.

"మా ఇంటికే వచ్చారా? సంతకానికా? మొన్న గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారుగా. పై నుంచి చూస్తూనే ఉన్నాను."

"సారుతోని మాట్లాడాలె అమ్మా."

"మాట్లాడండి. మైకు లేదు గానీ మాట్లాడండి."

యాదలక్ష్మి తల వంచుకుంది. సంక్రాంతి ముందు రోజుల్లో టెంటులో మైకు చేతికిచ్చినప్పుడు తాను ఏమేం అరిచిందో ఈవిడ బాల్కనీలో నిలబడి విన్నదన్నమాట.

సాంబమూర్తి బల్ల మీద కాగితాలు పరచుకుని ఉన్నాడు. నీటిపారుదల శాఖలో ఓవర్సీయరుగా చేసి రిటైరైన మనిషట. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"నోటీసు చదివిన సారూ. మీరు ఎవల దిక్కు?"

"నా దిక్కే నేను," అన్నాడాయన నవ్వకుండా. "అక్కడ పద్నాలుగు అంతస్తుల టవర్లు ఆరు వస్తాయట. మా బోరు ఎండిపోతుంది. పదేళ్ళ కిందట వరదకు మా సెల్లారు మునిగింది. అప్పుడు నీళ్ళు ఆ గడ్డి మీదుగా వెడల్పున పోబట్టి మెడల దాకా రాలేదు. అక్కడ గోడలు కడితే నీళ్ళు మా ఇంట్లోకే వస్తాయి. నక్షాలో నీళ్ళు కట్టకు వంద మీటర్ల దూరంలో ఉన్నట్టు గీశారు. నేను కొలిస్తే నలభై రెండు. నదికి అంత దగ్గర కట్టనివ్వకూడదు. అందుకే అభ్యంతరం పెట్టాను. మీకోసం పెట్టాననుకోకండి."

ఆ మాటకు ఆమెకు కోపం రాలేదు. పైగా ఊపిరి ఆడింది. తన బాగు కోసం చేస్తున్నానని చెప్పే మనిషి మీద అనుమానపడటానికేం ఉంటుంది?

"అయినా ఏం లాభంలెండి," అన్నాడాయన. "నిన్న మధ్యాహ్నం ఆఫీసుకు వెళితే గుమాస్తా నన్ను చూసి నవ్వాడు. స్థానికులందరూ ఒప్పుకుంటే మీరొక్కరూ ఎవరండీ అన్నాడు. ఫైలు చూపించాడు. జిరాక్సు తెచ్చుకున్నా."

ఆయన చేతిలోంచి కాగితాలు అందుకుని యాదలక్ష్మి కిటికీ దగ్గరికి పోయింది. పైన టైపు చేసిన అక్షరాలు: 'సమ్మతి పత్రము. ఈ క్రింద సంతకములు చేసిన స్థానికులమైన మాకు, పై భూమిని నివాస ప్రాంతముగా మార్చుటకు ఎట్టి అభ్యంతరము లేదు.' కింద గళ్ళు. పేరు, ఇంటి నెంబరు, సంతకం. మొదటి పేరు ఆమెదే. రెండోది సైదమ్మ, ఎదురుగా వేలిముద్ర.

ఈ ముసలాయనే ఏదో మాయ చేసి పుట్టించాడేమోనని ఇంకొక్క క్షణం అనుమానపడింది పాపం. అలా అయితే ఎంత బాగుండేది! కానీ ఆ గీతలు తాను కొట్టినవే. మూడో కాగితంలో స్కేలు జరిగి గీత వంకరపోయింది. అండాలమ్మ పేరులో సున్న మరిచిపోయి తర్వాత ఇరికించింది కూడా అలాగే ఉంది. పైన విడిచిన నాలుగు వేళ్ళ జాగాలో, సరిగ్గా సరిపోయేట్టు, ఆ నాలుగు పంక్తులు కూర్చున్నాయి.

"ఇది నా రాతే," అంది.

కుసుమకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆవిడ నోటి నుంచి ఏదో ఒక మాట పడుతుందనుకుంది యాదలక్ష్మి. ఆవిడ లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

*

ఆ జిరాక్సు ముందు పెడితే భిక్షపతి బుకాయించలేదు. అందుకే ఆమెకు మరీ భయం వేసింది. టెంటు వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి, గొంతు తగ్గించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"అక్కా, గీ టెంటు కిరాయి ఎవలిస్తున్రు? మైకు, కుర్చీలు, మొన్నటి ర్యాలీకి డీసీఎం బండ్లు? నేనా? నా షాపు మూసి మూడు నెలలాయె. పట్టాదారు ఇస్తుండు. ఆయనగ్గూడ తెలంగాణ కావాలె. జర సాయం చేయమన్నడు, చేసినం."

"మా గడ్డి?"

"గడ్డి! తెలంగాణ ఒచ్చినంక నీ కొడుక్కు సర్కారు నౌకరే ఒస్తది. ఎన్నేండ్లు ఆ మురికిల దిగుతవు?"

"నా కొడుకు సంగతి అడగలే అన్నా. అడగకుంట ఎట్ల రాసినవని అడుగుతున్న."

భిక్షపతి కండువాతో మెడ తుడుచుకున్నాడు. "సరే, తప్పే అనుకో. ఇప్పుడు నువ్వు రేపు ఆఫీసుకు పోయి, ఖాళీ కాయితాల మీద సంతకాలు తీసుకున్నమని చెప్తవు. పేపరోళ్ళు ఏం రాస్తరు? తెలంగాణోళ్ళ సంతకాలన్ని గిట్లాంటియే అని రాస్తరు. ఢిల్లీ కమిటీ ముందట మొత్తం ఉద్యమం మీద బట్ట కాల్చి ఏస్తరు. అది నీ చేతుల మీదికెళ్ళి కావాల్నా?"

ఆ మాట ఆమెను కట్టిపడేసింది. ఈ టెంటులో ఆమె పస్తున్నది ఆట కోసం కాదు. ఉస్మానియాలో పిల్లలు ప్రాణాలు తీసుకుంటుంటే టీవీ ముందు కూర్చుని ఏడ్చిన మనిషి. గడ్డి పోతే ఇంకో పని చేసుకోవచ్చు. తన మూలంగా రాష్ట్రం పోతే ఏ మొహంతో బతకాలి? నిజంగానే అనుకుంది ఆ మాట.

తిరిగి నాలుగడుగులు వేశాక ఆగింది.

"అన్నా, మరి ఢిల్లీకి పంపిన కాయితాలేవి? మా సంతకాలు ఆడికి పోయినయా?"

"పోతయి, పోతయి," అన్నాడు భిక్షపతి సెల్లు చూసుకుంటూ. "జిరాక్సులు తీయించాలె."

అప్పుడు తెలిసిందామెకు, తెలంగాణ కోసమని పెట్టిన సంతకం తెలంగాణకు అందనే లేదని.

*

తెల్లారి జగన్ ట్రాలీ మీద మోపులు సర్దుతూ, "పోతే పోతివి. ఒచ్చినంక బస్తీల తిరగనిస్తరా మనల్ని?" అన్నాడు. ఆపలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె ఒక్కతే కొత్తపేట దాకా నడిచి ఎల్బీనగర్ బస్సెక్కింది. సాంబమూర్తి అదే బస్సులో వెనక నిలబడి ఉన్నాడు. ఇద్దరూ పలకరించుకోలేదు.

విచారణ గది చిన్నది. బల్ల వెనక ఆఫీసరు, పక్కన గుమాస్తా, ఎదురు కుర్చీల్లో పట్టాదారు తరఫు వకీలు, ఆయన పక్కనే ఇస్త్రీ చొక్కాలో భిక్షపతి. ఇవాళ మెడలో కండువా లేదు. సాంబమూర్తి తన కొలతలు, ఫోటోలు బల్ల మీద పెట్టాడు. వకీలు చిరునవ్వుతో, "స్థానికులు నూట ఎనభై నాలుగు మంది సమ్మతించారు సార్. ఈయన ఆ బస్తీ మనిషి కూడా కాదు," అన్నాడు.

ఆఫీసరు ఫైలు తిప్పాడు. "యాదలక్ష్మి ఎవరు?"

ఆమె లేచింది. భిక్షపతి ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడం ఉంది. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్. పేర్లు రాసింది నేనే. గీతలు గొట్టింది నేనే. ఇల్లిల్లు తిరిగి పెట్టిచ్చింది నేనే. పై రాత నాది గాదు."

"సంతకం పెట్టేటప్పుడు పైన ఏముంది?"

"ఏం లేదు సార్. ఖాళీ."

వకీలు నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. "చదువుకున్నదానివి కదమ్మా. ఖాళీ కాగితం మీద అంతమంది చేత ఎట్లా పెట్టించావు?"

"తెలంగాణ గురించి సార్," అంది యాదలక్ష్మి. "తెలంగాణకు అంటే, కాయితం మీద ఏమున్నదని అడుగుతమా?"

భిక్షపతి నేల చూశాడు. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, గుమాస్తాకు చెప్పి రాయించాడు. ఆమె ఒక్కదాని మాట మీద అందరి సంతకాలు కొట్టెయ్యడానికి వీల్లేదు. సంతకం చేసినవాళ్ళు తాము సమ్మతించలేదని తిరిగి రాసివ్వాలి. మూడు రోజులు గడువు. రాసివ్వని వాళ్ళు ఒప్పుకున్నట్టే లెక్క.

*

ఆమె బస్సు దిగేలోగానే కబురు బస్తీ చేరింది. యాదలక్ష్మి ఆంధ్రావాళ్ళకు అమ్ముడుపోయిందట, అపార్ట్‌మెంటుకు పోయి నీళ్ళు తాగి వచ్చిందట. టెంటు ముందు నుంచి నడుస్తుంటే మొన్నటి దాకా పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. ఇంట్లో కూర్చుని తెల్లకాగితం మీద తన చేత్తోనే రాసింది. ఫలానా సమ్మతి పత్రం తాము చదవలేదనీ, గడ్డి జాగా నది కోసం పచ్చరంగులోనే ఉండాలనీ. కింద గళ్ళు కొట్టింది.

మొదట సైదమ్మ గుడిసెకు పోయింది. ఎవరు తిట్టినా ఈమె తిట్టదన్న ధీమా.

సైదమ్మ గుమ్మంలో కూర్చుని రాతి మీద కొడవలి నూరుతోంది. కాగితం చూసి నూరడం ఆపింది.

"ఇంకో కాయితమా?"

"ఇది వేరే అత్తా. చదువుత, ఇను."

"నువ్వు చదివితే ఏంది, చదవకపోతే ఏంది? మొన్న గూడ నువ్వే గదా చెప్పితివి." సైదమ్మ గొంతులో కోపం లేదు. ఉన్నమాట అన్నట్టే అంది.

ఆ మాటకు యాదలక్ష్మి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరెన్ని కూతలు కూసినా తగలనిది ఇప్పుడు తగిలింది. ఇరవై ఏళ్ళు ఒకే మడిలో పక్కపక్క చాళ్ళలో వంగిన మనిషి!

"నన్ను నమ్మవా అత్తా?"

"నమ్మే మొన్న ఏలు ఒత్తిన గదనే." సైదమ్మ కొడవలి పక్కన పెట్టింది. "ఓ పని చెయ్యి. ఆ టేపు ముసలాయన్ను పిలుసుకరా. నీకు ఆయనకు వడదు గదా. నువ్వు రాసింది ఆయన చదవాలె. అబద్ధముంటే ఒకరిది ఒకరు దాయరు."

సాంబమూర్తి వచ్చాడు. ఇరుకు సందులో, ఆరవేసిన బట్టల కింద తల వంచుకుని నిలబడి, తన కోస్తా యాసలో ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు. అటు నాలుగు గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు తలలు బయటపెట్టారు.

"గంతేనా?" అంది సైదమ్మ.

"అంతేనండి."

"ఎనకకు తిప్పు."

ఆయన తిప్పాడు. తెల్లగా ఉంది.

"నెత్తిన గంత జాగ ఎందుకు ఇడిసినవే?" అని యాదలక్ష్మిని అడిగింది. అలవాటున విడిచిన జాగా అది. "కొట్టు గీతలు. పైన కొట్టు, కింద కొట్టు, ఎనక మొత్తం కొట్టు. ఇంకొక అచ్చరం పట్టొద్దు దాన్ల."

యాదలక్ష్మి గడప మీద కాగితం పెట్టుకుని, అడ్డంగా, మూల నుంచి మూలకు గీతలు కొట్టింది. వెనక పక్క కూడా కొట్టింది. అందరూ చూస్తుండగా కొట్టింది. అప్పుడు సైదమ్మ సిరా డబ్బాలో తనే వేలు ముంచి, ఎవరినీ చెయ్యి పట్టుకోనివ్వకుండా, తన పేరు ఏ గడిలో ఉందో అడిగి మరీ ఒత్తింది.

పక్క ఇంట్లోనూ అంతే, ఆ పక్క ఇంట్లోనూ అంతే. గడప గడపకూ మొదటి నుంచి చదవాలి. ఒకరు రెండుసార్లు చదివించుకున్నారు. ఒకరు చదివినంతసేపూ విని, మా ఆయన రానీ అని తలుపు వేసుకున్నారు. ఒకరు భిక్షపతికి ఫోన్ చేశారు. అటు నుంచి ఎవరూ ఎత్తలేదు. సాంబమూర్తి గొంతు బొంగురుపోయింది.

అయిదో ఇల్లు అండాలమ్మది. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఆయన చదువుడు నాకొద్దు. నాలుగిండ్లు కల్సి తిరుగుతుంటిరి. ఇప్పుడు మీరిద్దరు ఒక్కటే గదా."

సాంబమూర్తి యాదలక్ష్మి వైపు చూశాడు. ఆమెకు నవ్వొచ్చినంత పనయింది, ఏడుపూ వచ్చింది.

"మరెట్ల అండాలక్కా?"

"ఇటియ్యి. రాత్రి బడిల అచ్చరాలు నేర్చిన నేను. నేనే చదువుకుంట."

కాగితం తీసుకుని అండాలమ్మ గుమ్మంలో చతికిలబడింది. మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. పెదవులు కదిపి, కూడబలుక్కుని, ఒక మాట పలికింది. వేలు జరిపింది. రెండో మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటికొచ్చింది. ఆమె భుజం మీదుగా ఇంకో ఇద్దరు వంగారు. వాళ్ళ వెనక ఒకామె, నా వంతు తర్వాత, నేను గూడ చదువుకుంట, అంది.

ఈ లెక్కన మూడు రోజులూ ఈ సందుకే చాలవు. సాంబమూర్తి గడియారం చూసుకున్నాడు.

"తొందరేం లేదు సారూ. చదువుకోనియ్యండి," అంది యాదలక్ష్మి. ఇద్దరూ ఎండలోనే నిలబడ్డారు.